పని అప్పగించుట, అధికారము అప్పగించుట
ఒంగోలు మిషను చరిత్ర నుండి అద్దంకి ప్రాంత సంఘములకు కొన్ని పాఠములు

ఉపోద్ఘాతము

అద్దంకి నుండి ఏ దిక్కుకు బయలుదేరినా, మిరప, పత్తి చేల మధ్య ఉన్న ప్రతి ఊరిలో ఒకటి రెండు ప్రార్థనా మందిరములు కనబడతాయి. వాటిలో అనేకము ఒక్క మనిషి కష్టముతో మొదలైనవే. ఆయన సైకిలు మీద తిరిగి సువార్త చెప్పాడు. నాలుగు కుటుంబములను కూర్చుకొని తాటాకు పాకలో ఆరాధన ఆరంభించాడు. కొన్నాళ్ళకు పాక రేకుల షెడ్డయింది, షెడ్డు స్లాబు మందిరమైంది. చుట్టుప్రక్కల పల్లెలలో శాఖ సంఘములు వెలిశాయి. ఇప్పుడు ఆయనకు డెబ్బై ఏళ్ళు దాటాయి. మోకాళ్ళు సహకరించుట లేదు, గొంతు పలుకుట లేదు. సంఘములో అందరి మనస్సులో ఒక ప్రశ్న ఉన్నది గాని ఎవరూ పైకి అడగరు: అయ్యగారి తరువాత ఎవరు?

అడిగితే అయ్యగారి చావు కోరినట్లుంటుందని విశ్వాసులు భయపడతారు. తానే ఎత్తితే రేపటి నుండి తన మాట చెల్లదేమోనని అయ్యగారు సంకోచిస్తారు. ఈ మౌనములోనే సంవత్సరములు గడిచిపోతాయి. చివరకు భూస్థాపన జరిగిన మూడవ నాటికి, ఏడ్చిన కన్నులు ఆరకముందే, బీరువా తాళముల గూర్చి మాట మొదలవుతుంది.

ఈ వ్యాసములో మేము ఈ ప్రశ్నను నెమ్మదిగా, చరిత్ర వెలుగులోను వాక్యపు వెలుగులోను పరిశీలించగోరుచున్నాము. మా వాదన ఒక్కటే. పరిచర్య నాయకత్వమును అప్పగించుట ఒక్క దినమున జరిగే ఒక్క క్రియ కాదు. అందులో పలు అంశములు ఉన్నాయి. పనిని ముందుగా అప్పగించి, అధికారమును చివరి వరకు బిగించి పట్టుకొనుటయే మన సంఘములలోని అనేక కలహములకు మూలము. ఈ పొరపాటు నిన్న మొన్నటిది కాదు. మన ప్రాంతమునకు సువార్త తెచ్చిన మిషను కాలము నుండియే ఇది మనకు అలవాటైనది.

అప్పగింతలోని ఐదు అంశములు

"బాధ్యతలు అప్పగించాము" అని ఒక సంఘము చెప్పినప్పుడు, ఏమి అప్పగించారో విడివిడిగా అడిగి చూడాలి. మొదటిది పని: వాక్యము చెప్పుట, ఇండ్లు దర్శించుట, రోగుల కొరకు ప్రార్థించుట. రెండవది సంస్కారములు: బాప్తిస్మము ఇచ్చుట, ప్రభురాత్రి భోజనము పంచుట, వివాహములు జరిపించుట. మూడవది ధనము: కానుకలు లెక్కించుట, ఖర్చు చేయుట, లెక్క చెప్పుట. నాలుగవది నిర్ణయము: ఎవరిని ఎక్కడ నియమించాలి, ఎవరిని క్రమశిక్షణలో పెట్టాలి అని తీర్మానించుట. ఐదవది ఆస్తి: స్థలము, మందిరము, వాటి పత్రములు.

సాధారణముగా మొదటి రెండు తేలికగా చేతులు మారతాయి. వయస్సు మళ్ళిన కాపరికి ఆదివారము మూడు ఊళ్ళలో ప్రసంగించుట కష్టము గనుక యువ సేవకుని పంపిస్తాడు. నదిలో దిగుట కష్టము గనుక బాప్తిస్మమునకు సహాయకుని పిలుస్తాడు. మిగిలిన మూడు మాత్రము ఆయన వద్దనే ఉండిపోతాయి. బయటివారు చూచి వారసుడు సిద్ధముగా ఉన్నాడనుకొంటారు. నిజానికి సిద్ధమైనది ఒక సహాయకుడు మాత్రమే. పని ఎరిగిన సహాయకునికి, లెక్క ఎరిగిన నాయకునికి మధ్య చాలా దూరమున్నది. ఆ దూరమును నడిపించి దాటించుటయే అప్పగింత.

ఒంగోలు మిషను: ముందుగా అందినవి, ఆలస్యముగా అందినవి

అమెరికన్ బాప్తిస్టు తెలుగు మిషను నెల్లూరులో 1840లో స్థిరపడింది. ఒంగోలు పని మొదలగుటకు ముందు జరిగిన సంగతి మన సంఘములలో అందరికీ తెలిసినదే. 1854 జనవరి 1వ తేదీ వేకువజామున లైమన్ జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ మీద మోకరించి ఆ ప్రాంతము కొరకు ప్రార్థించారు. ఆ ప్రార్థనలో తెలుగువారు ముగ్గురు, అమెరికనులు ఇద్దరు ఉన్నారన్న సంగతిని మనము తరచుగా గమనించము.

అదే విధముగా ఒంగోలు ప్రాంతపు ఉజ్జీవమునకు ఆది పురుషుడు యర్రగుంట్ల పేరయ్యగారు. మాదిగ కులమునకు చెందిన ఆయన ఒంగోలుకు పడమట సుమారు 40 మైళ్ళ దూరములోని పల్లెవాడు. తోళ్ళ వ్యాపారము మీద దూరప్రాంతములకు వెళ్ళినప్పుడు సువార్త విన్నాడు. 1866 మార్చిలో పేరయ్యగారు, ఆయన భార్య నాగమ్మగారు జూయెట్ గారి చేత బాప్తిస్మము పొందారు. జాన్ ఇ. క్లౌ గారు ఒంగోలులో కాపురముండుటకు వచ్చినది ఆ సంవత్సరము సెప్టెంబరులో. అనగా స్థిర మిషనరీ రాకముందే పేరయ్యగారు తన వారి మధ్య సాక్ష్యమిచ్చుచున్నాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడింది. ఆ నెలలోనే క్లౌ గారు పేరయ్యగారి ఊరికి వెళ్ళినప్పుడు, అప్పటికే బోధింపబడి సిద్ధముగా ఉన్న 28 మందికి బాప్తిస్మమిచ్చారు. పంట కోసినది మిషనరీయే గాని, విత్తినది పేరయ్యగారు.

క్లౌ గారు ఈ సంగతి గ్రహించారు. మాదిగపల్లెలలో అప్పటికే ఉన్న పెద్దల వరుసను కూలద్రోయక దాని మీదనే సంఘ జీవితమును కట్టారు. ఒక్కొక్క బోధకునికి కొన్ని పల్లెల చొప్పున అప్పగించారు. మూడు నెలలకొకసారి బోధకులందరు ఒంగోలులో కూడుకొని, తమ పల్లెల సమాచారము చెప్పి, నేర్చుకొని, మరల వెళ్ళేవారు. బోధకుల తర్ఫీదు కొరకు 1872లో రామాయపట్నములో వేదాంత పాఠశాల ఆరంభమైంది. 1876–78 నాటి ఘోర కరువులో క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టుగా తీసుకొన్నప్పుడు, కూలీల మీద పై విచారణ చేసినది ఈ బోధకులే.

ఆ కరువు తరువాత వచ్చిన దినము 1878 జులై 3. నల్లమలలో పుట్టి, అద్దంకి ప్రక్కగా పారి, ఒంగోలు సమీపమున సముద్రములో కలిసే గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి వద్ద, ఆ ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు దేశీయ బోధకులు. ఒక్కసారికి ఇద్దరు నీటిలో నిలిచేవారు. వారు అలసినప్పుడు మరి ఇద్దరు దిగేవారు. క్లౌ గారు తాము నీటిలో దిగలేదు.

ఈ దృశ్యము అప్పగింతకు ఎంతో చక్కని మాదిరి. పేరు గడించిన మిషనరీ ఒడ్డున నిలిచాడు, తెలుగు బోధకులు నీటిలో నిలిచారు. మొదటి రెండు అంశములు, అనగా పని, సంస్కారములు, మిషను మొదలైన పదకొండు పన్నెండు సంవత్సరములకే తెలుగువారి చేతికి వచ్చాయి.

అయితే మిగిలిన మూడు అంశముల సంగతి ఏమిటి? సంఘము వేల సంఖ్యలో పెరిగి ఒంగోలు క్షేత్రమును విభజించవలసి వచ్చింది. 1883 ప్రాంతమున కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరు క్షేత్రములయ్యాయి. 1890 తరువాత కనిగిరి, పొదిలి, కందుకూరు వంటివి వచ్చాయి. ఈ క్రొత్త క్షేత్రముల బాధ్యత, ఆ పల్లెలను ఏళ్ళ తరబడి కాచిన తెలుగు బోధకులకు కాక, క్రొత్తగా వచ్చిన అమెరికన్ మిషనరీలకు అప్పగింపబడింది. క్లౌ గారు స్వదేశమునకు వెళ్ళినప్పుడు కోరినది కూడా మరికొందరు మిషనరీలను, మరికొంత ధనమును. వారిని తప్పు పట్టుట మా ఉద్దేశము కాదు. ఆనాటి బోధకులలో అనేకులకు చదువు స్వల్పము. జమీందారులతోను, కలెక్టరు కచేరీతోను, కరణాలతోను వ్యవహరించుటకు దొరల అండ అవసరమయ్యేది. అణగద్రొక్కబడిన ప్రజలకు ఆ అండ నిజమైన రక్షణయే. కాని దాని ఫలితము కూడా ఉన్నది. వేలమందికి బాప్తిస్మమిచ్చిన చేతులు లెక్కల పుస్తకము పట్టుకొనలేదు. నలభై పల్లెల కష్టసుఖములు ఎరిగిన మనిషి తన జీతము ఎంతో తాను నిర్ణయించుకొను సభలో కూర్చుండలేదు.

క్లౌ గారు 1910 నవంబరులో అమెరికాలో మరణించారు. ఒంగోలులో ఆయన స్థానమును తీసుకొన్నది మరొక మిషనరీ. తెలుగు బాప్తిస్టు సంఘముల సమావేశము స్వంత సంస్థగా ఏర్పడినది 1962లో. వెల్లంపల్లి వద్ద సంస్కారము తెలుగువారి చేతికి వచ్చిన 84 సంవత్సరములకు నిర్ణయము వారి చేతికి వచ్చినదన్న మాట. బంగళాలు, పాఠశాలలు, ఆసుపత్రుల పత్రములు అంతకాలము విదేశీ మిషను సంఘపు పేరననే ఉన్నాయి. మూడు తరముల పాటు లెక్క చూడనీయక, ఒక్కసారిగా ఇంత ఆస్తిని ఇచ్చినప్పుడు, దానిని గూర్చి తగాదాలు రాకుండ ఉంటాయా? మన రాష్ట్రములో మిషను ఆస్తుల వివాదములు ఎన్ని న్యాయస్థానములకు ఎక్కాయో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. తెలుగువారికి నాయకత్వ లక్షణములు లేవని కొందరు చెప్పు మాట సరికాదు. నేర్చుకొనవలసిన కాలములో నేర్చుకొనుటకు అవకాశమివ్వలేదనుట సరియైన మాట.

మరి మూడు ఉదాహరణలు

ఒక్క మిషనును చూచి తీర్మానించుట న్యాయము కాదు గనుక ఇరుగుపొరుగును కూడా చూద్దాము.

కాకినాడలో థామస్ గాబ్రియేలు గారు అను తెలుగు విశ్వాసి తంతి శాఖ ఉద్యోగము విడిచి, స్వతంత్రముగా బాప్తిస్టు పరిచర్య ఆరంభించారు. ఆయనకు పని ఉన్నది, సంస్కారములు ఉన్నాయి, నిర్ణయాధికారము కూడా ఉన్నది. లేనిది ఆర్థిక ఆధారము. వెనుక నిలుచు సంఘము లేక భారము మోయలేక, 1874లో ఆ పనిని కెనడా బాప్తిస్టు మిషనరీ జాన్ మెక్‌లారిన్ గారికి అప్పగించారు. ఈ మెక్‌లారిన్ గారు అంతకుముందు ఒంగోలులో పని చేసినవారే. 1875 ఆరంభములో గాబ్రియేలు గారు కన్నుమూశారు. ఒంగోలులో పని ఉండి అధికారము లేదు. కాకినాడలో అధికారము ఉండి ఆధారము లేదు. రెండు చోట్లను చివరకు నాయకత్వము బయటివారి చేతిలోనికి పోయింది.

గుంటూరులో 1842లో మొదలైన లూథరన్ పని నుండి ఆంధ్ర సువార్త లూథరన్ సంఘము 1927లో నిబంధనావళితో ఏర్పడింది. అయినను మొదటి భారతీయ అధ్యక్షుడు ఇ. ప్రకాశం గారు ఆ పదవికి వచ్చినది 1944లో. కాగితము మీది స్వపరిపాలనకు, కుర్చీ మీది స్వపరిపాలనకు మధ్య 17 సంవత్సరములు గడిచాయి. నిబంధనావళి అవసరమే గాని, అది తనంతట తాను అధికారమును చేతులు మార్చదని దీనివలన తెలియుచున్నది.

దోర్నకల్ సంగతి దీనికి భిన్నము. అక్కడ 1912లోనే వి. ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్‌గా అభిషేకింపబడ్డారు. పల్లె ఉపదేశకులను, దేశీయ గురువులను ఆయన ఎంత శ్రద్ధగా తయారు చేశారో మన చరిత్ర విద్యార్థులు ఎరుగుదురు. అయినను 1945 జనవరి 1న ఆయన మరణించిన తరువాత ఆ పీఠమునకు వచ్చినది ఒక విదేశీయుడు, ఎ. బి. ఇలియట్ గారు. ఇలియట్ గారి సేవను తక్కువ చేయుట లేదు. మేము చెప్పునది ఇంతే: ఒక గొప్ప వ్యక్తికి పీఠమిచ్చుట వేరు, ఆ పీఠమునకు ఒకరి తరువాత ఒకరు సిద్ధమగునట్లు చేయుట వేరు.

వాక్యము చూపు మాదిరి

వాక్యములో అప్పగింతకు అత్యంత స్పష్టమైన మాదిరి మోషే, యెహోషువలది. సంఖ్యాకాండము 27:15–23లో నాలుగు సంగతులు గమనింపదగినవి. మొదటిది, వారసుని ప్రశ్నను ఎత్తినది ప్రజలు కాదు, మోషేయే. సమాజము కాపరి లేని గొఱ్ఱెల వలె కాకూడదని ఆయనే దేవుని వేడుకొన్నాడు. మనలో ఎవరూ అడగలేని ప్రశ్నను అడుగవలసినది వ్యవస్థాపకుడే. రెండవది, అది చాటున జరుగలేదు. యాజకుడైన ఎలియాజరు ఎదుట, సర్వసమాజము ఎదుట జరిగింది. మూడవది, 20వ వచనము ప్రకారము మోషే తన ఘనతలో కొంత యెహోషువ మీద ఉంచాడు. అనగా మోషే జీవించియుండగానే, ఒకరి ఎదుట ఒకరు ఉండగానే, అధికారము కొంత కొంతగా బదిలీ అయ్యింది. నాల్గవది, యెహోషువ అప్పటికి క్రొత్తవాడు కాడు. యుద్ధములో (నిర్గమ. 17:9), కొండ మీద (నిర్గమ. 24:13), గుడారములో (నిర్గమ. 33:11), వేగుచూచుటలో (సంఖ్యా. 13:8, 16) ఆయన పరీక్షింపబడినవాడు.

మోషేకు కుమారులు ఉన్నారు. అయినను వారసుడు ఎఫ్రాయిము గోత్రికుడు. అలాగని కుటుంబములో నుండి వారసుడు రానే కూడదని వాక్యము చెప్పుట లేదు. అహరోను తరువాత ఆయన కుమారుడైన ఎలియాజరే యాజకుడయ్యాడు. ఆ వస్త్రములు కూడ అహరోను బ్రదికియుండగానే మార్చబడ్డాయి (సంఖ్యా. 20:25–28). అయితే సమూయేలు తన కుమారులను న్యాయాధిపతులుగా నియమించినప్పుడు వారు లంచములు పుచ్చుకొన్నారు. ప్రజలు విసిగిపోయి రాజును అడిగారు (1 సమూ. 8:1–5). సమూయేలు వంటి నిందారహితుని ఇంటనే ఇది జరిగినప్పుడు, మన ఇండ్లలో జరుగదని ఎవరు చెప్పగలరు? కనుక అడుగవలసిన ప్రశ్న "కుమారుడా, కాడా" అనునది కాదు. "పిలుపు ఉన్నదా, పరీక్షింపబడినాడా, సంఘము ఒప్పుకొన్నదా" అనునది.

యెహోషువ వృత్తాంతములోనే మరొక హెచ్చరిక ఉన్నది. మోషే ఆయనను సిద్ధపరచినట్లు ఆయన మరొకరిని సిద్ధపరచినట్లు మనము చదువము. తరువాతి తరము దేవుని కార్యములను ఎరుగనిదయింది (న్యాయా. 2:8–10). చక్కగా పుచ్చుకొన్నవాడు కూడ చక్కగా అప్పగించుట మరచిపోవచ్చును.

క్రొత్త నిబంధనలో అపొస్తలుల కార్యములు 6:1–6 మన అంశమునకు మిక్కిలి దగ్గరది. గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రు పంపకములో ఉపేక్షింపబడుచున్నారని సణుగుడు పుట్టింది. ఏర్పరచబడిన ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. అనగా ఫిర్యాదు చేసిన ప్రక్కవారి చేతికే అపొస్తలులు పంపకమును, దానితో పాటు ధనమును, నిర్ణయమును అప్పగించారు. చేతులుంచి ప్రార్థించారు. తరువాత తిరిగి తీసుకొనలేదు. ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెప్పినప్పుడు పౌలు ఒక్కనికి కాక పెద్దల గుంపుకు మందను అప్పగించాడు. తాను ఎవరి వెండినిగాని బంగారమునుగాని ఆశింపలేదని తన లెక్క చెప్పాడు (అపొ. కా. 20:17–35). లెక్క చెప్పకుండ వీడ్కోలు చెప్పుట అపొస్తలుల పద్ధతి కాదు. 2 తిమోతి 2:2లో పౌలు, తిమోతి, నమ్మకమైన మనుష్యులు, వారి చేత బోధింపబడు ఇతరులు అని నాలుగు తరములు కనబడుచున్నాయి. వారసుని సిద్ధపరచుట అనగా వారసుని వారసుని గూర్చి కూడ ఆలోచించుట.

నేటి చట్టము ఏమి చెప్పుచున్నది

ఆస్తి విషయములో ఆత్మీయతతో పాటు జాగ్రత్త కూడ కావలెను. మన పల్లెలలో మందిరపు స్థలము తరచుగా కాపరి పేరననే కొనబడుచున్నది. ఆనాడు సంఘమునకు రిజిస్ట్రేషను లేదు గనుక మరొక మార్గము తోచలేదు. కొన్న ధనము విశ్వాసుల కానుకలే. ఒక మిరప టిక్కీ అమ్మిన డబ్బు, పత్తి తీసిన కూలిలో దశమ భాగము దానిలో ఉన్నాయి. అయితే చట్టము పత్రమును చూచును గాని కానుకను చూడదు. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము వీలునామా లేకుండ మరణించిన క్రైస్తవునికి భార్యా బిడ్డలు ఉంటే, ఆస్తిలో మూడవ వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు బిడ్డలకు చెందుతాయి. మరొక వారసత్వ చట్టము వర్తించినను వారసుల వరుసలో సంఘము ఉండదు. ఒక బిడ్డ మందిరమును మందిరముగానే ఉంచుదామని, మరొక బిడ్డ తన భాగము తనకు కావాలని అన్నప్పుడు, చట్టము రెండవవారిని కాదనలేదు. కొన్ని మందిరములు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూములలో ఉన్నాయి. వాటి బదిలీపై 1977 నాటి చట్టపు ఆంక్షలు ఉన్నాయి గనుక న్యాయవాదిని సంప్రదించక ఏ పత్రమును వ్రాయరాదు.

దీనికి మార్గము సంఘమును రిజిస్టరు చేసి, ఆస్తిని ఆ సంఘపు పేరన ఉంచుట. ఆంధ్రప్రదేశ్ సంఘముల రిజిస్ట్రేషను చట్టము, 2001 ప్రకారము ఏడుగురు సభ్యులు ఉన్న యెడల సొసైటీగా నమోదు చేయవచ్చును. ట్రస్టుగా నమోదు చేసినచో, ఒక ట్రస్టీ మరణించినను విరమించినను మరొకరిని ఎవరు, ఎట్లు నియమించాలో పత్రములోనే స్పష్టముగా వ్రాయాలి. అందరు ట్రస్టీలు ఒక్క ఇంటివారే అయినప్పుడు అది పేరుకు ట్రస్టు, నిజమునకు కుటుంబ ఆస్తియే.

విదేశీ కానుకలు పుచ్చుకొను పరిచర్యలకు మరొక సంగతి. విదేశీ విరాళముల నియంత్రణ చట్టమునకు 2020లో వచ్చిన సవరణ ప్రకారము ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళమును మరొక సంస్థకు బదిలీ చేయరాదు. కనుక వ్యవస్థాపకుని తరువాత "నీవు ఒక సంస్థ పెట్టుకో, నేను ఒక సంస్థ పెట్టుకొందును, డబ్బు పంచుకొందము" అను పాత ఉపాయము ఇక చెల్లదు. ముఖ్య బాధ్యులు మారినప్పుడు కేంద్ర హోం శాఖకు తెలియజేయవలెను. చెక్కు మీద సంతకము చేయు అధికారము ఒక్కరికే ఉన్న చోట ఆ ఒక్కరు మంచమెక్కితే, అనాథాశ్రమములో బియ్యము కొనుట కూడ ఆగిపోవును.

ఆచరణకు కొన్ని సూచనలు

పైన చెప్పిన ఐదు అంశములను ఒకదాని తరువాత ఒకటి, పూర్తిగా చేతులు మార్చుటకు కనీసము ఐదు సంవత్సరములు కేటాయించుకొనుట మంచిదని మా అభిప్రాయము.

1. వ్యవస్థాపకుడే మాట ఎత్తవలెను. ఆరోగ్యముగా ఉన్న దినములలో, సంఘమంతటి ఎదుట, తాను ఏ సంవత్సరమున విరమించునో చెప్పవలెను. తేదీ లేని విరమణ విరమణ కాదు.

2. ఒక్కని కాక, ముగ్గురు నలుగురిని తర్ఫీదు చేయవలెను. వారిలో స్త్రీలు కూడ ఉండవలెను. మన పల్లె సంఘములలో ఆదివారము నిండుగా కనబడువారు స్త్రీలే, కానుక తెచ్చువారును వారే. నిర్ణయము వద్ద వారు లేకుండుట అపొ. కా. 6లోని సణుగుడు వంటిదే.

3. ధనమును పనితో పాటే అప్పగించవలెను. యువ సేవకునికి ఒక శాఖ సంఘమును ఇచ్చినప్పుడు ఆ సంఘపు కానుకల పెట్టెను, లెక్కల పుస్తకమును కూడ ఇవ్వవలెను. ఇద్దరు పెద్దలతో కలిసి లెక్కించి ప్రతి నెల చదివి వినిపించవలెను. పౌలు కూడ చందాను ఒంటరిగా మోయలేదు (2 కొరింథీ. 8:18–21).

4. సర్వసభ్య సమావేశమును జనము ఉండు కాలములో పెట్టవలెను. మిరప కోతల నెలలలో కుటుంబములకు కుటుంబములే కూలికి తరలిపోతాయి. ఆ నెలలలో పెట్టిన సమావేశములో భూములు ఉన్నవారే మిగులుదురు. తీర్మానము చట్టబద్ధమే కావచ్చును గాని, సంఘపు మాట మాత్రము కాదు.

5. విరమించు కాపరి జీవనమునకు ముందే ఏర్పాటు చేయవలెను. ఇది అన్నిటికంటె ముఖ్యమైనదని మేము తలంచుచున్నాము. అధికారము వదలని కాపరిని అధికార వ్యామోహి అని నిందించుట తేలిక. కాని ఆయనకు పింఛను లేదు, స్వంత ఇల్లు లేదు, ఉన్నది పాస్టరేటు ఇల్లే. అది ఖాళీ చేస్తే భార్యతో ఎక్కడికి పోవును? తాను కన్నుమూస్తే అమ్మగారి గతి ఏమిటి? ఈ భయమే అనేకుల చేత తాళములను బిగించి పట్టించుచున్నది. ఒక చిన్న ఇల్లు, నెలకు ఇంత అని ఒక తీర్మానము, వైద్యమునకు కొంత నిధి ఉన్న యెడల అప్పగింత సగము సుళువగును.

6. విరమించిన తరువాత ఆయన కొంతకాలము మరొక చోట ఆరాధించుట మేలు. గౌరవముతో పిలిచినప్పుడు వచ్చి ప్రసంగించవచ్చును. కాని ప్రతి తగవు తిరిగి ఆయన అరుగు మీదికి వచ్చుచున్నంత కాలము క్రొత్త కాపరి కాపరి కాలేడు.

7. వారసుడు కూడ ముందున్నవాని పేరును చెరపరాదు. ఆయన నియమించిన సేవకులను మొదటి ఏడాదిలోనే మార్చుట, ఆయన ఫొటోను గోడ మీది నుండి దించుట మొదలైనవి సంఘమును గాయపరచును. పుచ్చుకొనుటకు కూడ అణకువ కావలెను.

ముగింపు

గుండ్లకమ్మ ఇప్పటికిని అద్దంకి ప్రక్కగానే పారుచున్నది. మన సంఘములలో అనేకుల ముత్తాతలు ఆ నీటిలో, తమ భాష మాటలాడు, తమ పల్లెలను ఎరిగిన బోధకుల చేతుల మీదుగా బాప్తిస్మము పొందినవారే. ఆ బోధకులకు అంత గొప్ప పనిని నమ్మి అప్పగించిన మిషను, లెక్కను, నిర్ణయమును, ఆస్తిని నమ్మి అప్పగించుటకు మరి 84 సంవత్సరములు తీసుకొన్నది. దాని ఫలితమును మనము నేటికిని అనుభవించుచున్నాము.

నేడు దొరలు లేరు. ఆ కుర్చీలో కూర్చున్నది మనమే. మన యువ సేవకులు ఎండలో సైకిలు, మోటారు సైకిలు మీద తిరిగి పని చేయుచున్నారు. తాళములు మాత్రము మన నడుమున ఉన్నాయి. దొరలు మనకు చేసినదానిని గూర్చి సెమినారులలో మాటలాడు మనము, దానినే మన వెనుకటివారికి చేయకుందుము గాక. వేదాంత విద్యార్థులారా, మీరు వెళ్ళు సంఘములో మొదటి సంవత్సరముననే లెక్క చదువుట నేర్చుకొనుడి, అధికారము కొరకు తొందరపడకుడి. పెద్ద కాపరులారా, ఈ ఆదివారము ఆరాధన తరువాత పెద్దలను కూర్చుండబెట్టి, వారు అడుగలేని ప్రశ్నను మీరే ఎత్తుడి. మీ స్వరము ఇంకను బలముగా ఉన్నప్పుడే, ఆ మాట మీ నోటనే వినబడుట సంఘమునకు మేలు.